కొరివి మడుగు పరకలు

కొరివి మడుగు పేరెత్తితే మా వైపు వాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. పగటిపూట నవ్వుతూనే చెబుతారు. పొద్దుగూకాక ఆ పేరు తీస్తే మాత్రం లేచి ఇంట్లోకి పోతారు.

కేతేపల్లికి అవతల, మూసీలో కలవడానికి పోయే ఒక వాగు ఉంది. ఊరికి దూరంగా, ఏనుగంతేసి నల్లగుండ్ల మధ్య ఆ వాగు ఒక మలుపు తిరుగుతుంది. అక్కడే ఈ మడుగు. ఎప్పుడో వాగు పొంగిన రాత్రి, ఎవరో దారిన పోయే ఆడమనిషి చేతిలో కొరివి పట్టుకుని దాటబోయి కొట్టుకుపోయిందట. అప్పట్నుంచీ ఆమె దారి వెతుక్కుంటూ తిరుగుతున్నదట. చీకటి పడ్డాక గుండ్ల వెనక మంట కదులుతుంది... గజ్జెలు మోగినట్టు చప్పుడు... ఆ వెంటనే గాలిలో మనిషి కాలుతున్న వాసన!

మనిషి కాలుతున్న వాసన ఎట్లుంటుందో మీకెట్లా తెలుసని నేను చాలామందిని అడిగాను. ఎవరూ సరిగా చెప్పలేదు.

దెయ్యాన్ని కళ్లారా చూసింది మేకల జానయ్య ఒక్కడే. వాగు గట్ల మీద మేకలు కాసేవాడు కాబట్టి అతని మాటకు ఊళ్లో ఎదురు లేదు. "చెంపలు లేవు పిల్లగా, ఉత్త పండ్లే," అని అతను చెబుతుంటే ముసలివాళ్లు కూడా కాళ్లు దగ్గరికి ముడుచుకునేవారు. ఈ కథలో సగం ఆ జానయ్యే నాకు చెప్పాడు. మిగతా సగం దశరథం నోట విన్నాను. ఆ రాత్రి అక్కడ చిక్కుకున్నవాడు దశరథమే.

మూసీ మీద ఆనకట్ట పని నడుస్తున్న రోజులవి. దశరథం మగ్గం నేసేవాడు. పెండ్లయి, పిల్లలు కలిగినా తల్లి నర్సింగమ్మ గొంతు వింటే చాలు, పోగుల మధ్య ఆడే నాడె ఆగిపోయేది. అంత భయం, అంత ప్రేమ కూడా.

నర్సింగమ్మ ఊరికే గయ్యాళి కాదు. దశరథానికి ఒకసారి విషజ్వరం వచ్చింది. ఇక బతకడని చాప మీదికి దింపారు. అప్పుడు ఊరికి వచ్చిన ఒక సాధువు కాళ్ల మీద పడి ఆమె ఇంటిల్లిపాదికీ బోధ ఇప్పించింది. మెడలో తులసి పూసలు కట్టించింది. పూస కట్టుకున్నవాళ్లు చేప, మాంసం, కల్లు ముట్టకూడదు. తెల్లారేసరికి కొడుకుకు చెమటలు పట్టి జ్వరం దిగింది. ఇంక ఆమె నమ్మకానికి తిరుగేముంది?

"పూస అంటే పూస గాదు, నీ పానం," అనేది కొడుకుతో. "నువ్వు పూస ఇప్పిననాడు నేను ఈ ఇంట్ల మంచినీళ్లు ముట్ట. హాలియాకు నీ అక్క దగ్గరికి పోత. మల్ల నా మొగం నీకు కనవడదు."

ఆమె అన్నదంటే చేసే మనిషి. ఆ సంగతి దశరథానికి బాగా తెలుసు.

ఇన్ని తెలిసిన మనిషి చేపల జోలికి ఎట్లా పోయాడంటే, తప్పు గంజిది. పడుగుకు గంజి పెట్టాక ఆ కుండ కడగడానికి అతను వాగుకు పోయేవాడు. ఒకరోజు కుండ నీళ్లలో ముంచగానే తెల్లగా గంజి విడిచింది. ఎక్కడెక్కడి పరక చేపలో గుంపుగా వచ్చి కుండ చుట్టూ మూగాయి. గోరంతవి, వేలంతవి... పొట్టలు వెండిలాగా తళతళ. ఒకటి అతని చిటికెన వేలును గంజి ముద్ద అనుకుని చప్పరించింది.

అంతే. మనిషి పని అయిపోయింది. ఆ రోజు కుండ కడగడానికి పోయినవాడు పొద్దు వాలేదాకా రాలేదు. భార్య అండాలు, "కుండ కడుగుతున్నవా, కుండ జేస్తున్నవా?" అని అడిగింది.

తినాలని కాదు. ఆ రుచి అతను మరిచేపోయాడు. పట్టాలి! నీళ్లలో ఉన్నదాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడాలి. ఇదొక పిచ్చి. ఏ వయసులో పట్టుకుంటుందో చెప్పలేం.

కానీ పూస కట్టుకున్నవాడు గాలం పట్టుకుంటే ఊళ్లో ఎవరు చూడరు? ఎవరూ రాని చోటు కావాలి. ఊరికి రెండు దిక్కులా వెతికితే అట్లాంటి చోటు ఒక్కటే ఉంది. పగలు దెయ్యాలుండవు కదా అని ధైర్యం చెప్పుకుని కొరివి మడుగుకు పోయాడు.

నేర్పేవాళ్లు లేరు. గుండుసూది వంచి గాలం చేశాడు. నేత దారం పేని కట్టాడు. జొన్నబెండు ముక్కను నీళ్ల మీద తేలేటట్టు దారానికి గుచ్చాడు. వానపామును గుచ్చుదామంటే చేయి రాలేదు, జీవహింస! అందుకని జొన్నపిండి ముద్ద పెట్టాడు. చేపను పడదామని కూర్చున్నవాడికి వానపాము మీద అంత దయ ఏమిటని నేనడిగితే, "గది ఏడ్సినట్టు కొట్టుకుంటదన్నా," అన్నాడు. అతని లెక్కలు అట్లా ఉండేవి.

మొదట్లో పరకలు పిండి తిని పోయేవి, సూది మాత్రం భద్రంగా తిరిగొచ్చేది. నిలబడితే నీడ నీళ్ల మీద పడి అన్నీ పారిపోయేవి. మెల్లమెల్లగా తెలిసింది. గట్టు కింద నక్కి కూర్చోవాలి. రాయికి తగిలి నీళ్లు సుడి తిరిగే చోట వదలాలి. బెండు మొదటిసారి వణికితే లాగొద్దు, మునిగినప్పుడు లాగాలి. అట్లా మొదటి పరక చేతికి వచ్చిన రోజున ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక తుమ్మచెట్టుకు చెప్పాడట.

పట్టినవన్నీ నీళ్లు పోసిన ముంతలో వేసుకునేవాడు. కళ్లారా చూసుకుని, పోయేముందు ఒక్కొక్కటే మడుగులోకి వదిలేవాడు. డుబుక్... డుబుక్...

ఇంకొకటి కూడా చేసేవాడు. గాలం ముట్టుకునే ముందు మెడలో పూస తీసి, గట్టు మీద తుమ్మకొమ్మకు తగిలించేవాడు. పూస చూడకపోతే పాపం అంటదని అతని నమ్మకం. దెయ్యాలను దగ్గరికి రానియ్యనిది పూస. దెయ్యం మడుగు దగ్గరికి వచ్చి పూసనే తీసి పక్కన పెట్టేవాడు. ఆ తిరకాసు అతనికి ఆ రాత్రి దాకా తట్టలేదు!

సోమవారం సోమవారం అతనికి పండగ. ఆ రోజు నర్సింగమ్మ పక్క ఊరి భజనకు పోయేది. భజన పెద్ద మల్లప్ప తాళాలు సంచిలో వేసుకుని ముందు నడిస్తే, పూస కట్టుకున్న పెద్దవాళ్లంతా వెనక నడిచేవారు. రాత్రి పొద్దుపోయి గాని తిరిగి వచ్చేవారు కాదు.

ఆ సోమవారం కూడా అట్లాగే పోయారు. దశరథం మడుగు దగ్గర కూర్చున్నాడు. పొద్దు గుండ్ల కిందికి దిగుతున్నది. ఇక లేద్దామనుకున్నాడు... బెండు మునిగింది. మామూలుగా కాదు, కనబడకుండా పోయింది.

లాగితే జెల్ల! పరకలు తప్ప ఏమీ చూడనివాడికి జెల్ల చేప పడింది. మీసాలు ఆడిస్తూ కిర్రుమంటున్నది. ఆశగా గుప్పిట పట్టాడు. జెల్లకు రెక్కల దగ్గర ముళ్లుంటాయని కొత్తవాడికి ఎట్లా తెలుస్తుంది? బొటనవేలిలో దిగింది. నిప్పు పెట్టినట్టు మంట. అమ్మా అని అరవబోయి, అమ్మ గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

వేలు నోట్లో పెట్టుకుని, నీళ్లలో పెట్టుకుని, జెల్లను, ముంతలోవన్నిటినీ మడుగులో వదిలి తలెత్తేసరికి...

చీకటి.

గబగబా గట్టెక్కి తుమ్మచెట్టు దగ్గరికి పోయాడు. కొమ్మ తడిమాడు. ముల్లు తగిలింది. ఇంకో కొమ్మ తడిమాడు. ఆకులు, ముళ్లు...

పూస లేదు.

చెట్టు కింద మోకాళ్ల మీద పడి నేలంతా దేవులాడాడు. కాయలు చేతికి వచ్చాయి, మేక పెంటికలు చేతికి వచ్చాయి. పూస రాలేదు. గాలికి పడేది కాదు. ముల్లుకు రెండు చుట్లు తిప్పి పెట్టాడు. ఎవరో తీయాలి. ఈ మడుగు దగ్గరికి వచ్చి తీసేవాళ్లు ఎవరు?

అప్పుడు తగిలింది వాసన.

కాలుతున్న వాసన... గుండ్ల అవతలి నుంచి, సన్నగా. ఆ వెంటనే గజ్జెలు. ఝల్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ ఝల్.

దశరథం కాళ్లు ఇంటి వైపు తిరిగాయి. కానీ ఏ మొహం పెట్టుకుని పోతాడు? మెడ బోసిగా ఉంది. అమ్మ గడపలో అడుగుపెట్టగానే ముందు చూసేది మెడనే. తెల్లారితే మూట కట్టుకుని హాలియా దారి పడుతుంది. ఈ వయసులో ఆమె ఇంకొకరి గుమ్మంలో కూర్చోవడం, తను ఇక్కడ మగ్గం గుంతలో కూర్చోవడం... తలుచుకుంటే అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దెయ్యం ఒక వైపు, అమ్మ లేని ఇల్లు ఒక వైపు. ఏది ఎక్కువ భయమో తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

గుండ్ల వైపే నడిచాడు. నడవడమంటే పాకడమే.

బోధ ఇచ్చినప్పుడు సాధువు చెప్పిన మంత్రం తలుచుకుందామనుకున్నాడు. చేతులు చూస్తే చేపల కంపు. ఈ చేతులతో ఆ మంత్రం తలుచుకోవచ్చా, తలుచుకుంటే ఇంకో పాపమా? సగం అని సగం మింగేశాడు.

గుండు పక్క నుంచి తొంగిచూశాడు. అవతల ఎర్రగా వెలుగు. ఆ వెలుగులో ఒక పొడుగాటి ఆకారం... తల మీద ముసుగు... చేతిలో మండే కొరివి. అది వంగింది. లేచింది. వెనక్కి తిరిగి, ఇటు వైపే చూసి... గుండు చాటుకు పోయింది.

చెంపలున్నాయో, ఉత్త పండ్లేనో చూసే ఓపిక దశరథానికి లేదు. వెనక్కి జరగబోయి ఒక సీతాఫలం చెట్టు మీద పడ్డాడు. పట్టుకోవడానికి చేయి చాపితే కొమ్మ దొరికింది. కొమ్మతో పాటు... గుండ్రంగా, చిన్నగా, చల్లగా...

పూస!

ప్రాణం లేచి వచ్చింది. వేళ్లతో తడిమాడు, తులసి పూసే. లాగబోయాడు. పక్కన ఇంకేదో వేలాడుతూ తగిలింది. తడిమాడు.

అది కూడా పూసే.

దాని పక్కన ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. కొమ్మ పొడుగునా... పూసలు. కొన్ని పాతవి, నూనె పట్టి నున్నగా అరిగినవి. ఎవరెవరి మెడల్లోవో!

దశరథానికి అప్పుడు అంతా అర్థమైంది. దెయ్యం పూస కట్టుకున్నవాళ్లనే పట్టి తింటున్నది. ముందు మెడలో పూస తీస్తుంది. కొమ్మకు తగిలిస్తుంది. ఆ తర్వాత మనిషిని కాలుస్తుంది. ఆ వాసన... ఇప్పుడు తన పూస కూడా ఈ కొమ్మకే వచ్చింది. అంటే తర్వాతి వాడు...

వెనక నుంచి ఒక గొంతు, చెవి దగ్గర గుసగుసగా:

"గప్పుడే తీస్తున్నవేంది? తిన్నంక కట్టుకోవాలె."

దశరథం గొంతులోంచి వచ్చిన కేక మనిషిది కాదు. గుండ్ల వెనక మేకలు ఒక్కపెట్టున బెదిరి అరిచాయి. ఆ కేకకు ఆ గొంతు కూడా కేక పెట్టింది. అవతల ఎవరో, "ఓ దేవుడో, దయ్యమొచ్చింది!" అని అరిచారు. తాళాలు రాతి మీద పడి ఝల్లుమన్నాయి. కొరివి పట్టుకున్న ఆకారం ఉరికొచ్చి వెలుగు పైకెత్తింది.

ముసుగు కాదు, గొంగడి. గొంగడి కింద జానయ్య.

ఆ వెలుగులో, దశరథానికి మూరెడు దూరంలో, మోదుగాకు దొప్ప చేతిలో పట్టుకుని నిలబడి ఉంది నర్సింగమ్మ. దొప్పలో కాల్చిన చేప. మూతి మీద ఉప్పూకారం. మెడలో ఏమీ లేదు.

గుండ్ల మధ్య మంట మీద ఇంకా చేపలు కాలుతున్నాయి. చుట్టూ భజన బృందం. మల్లప్ప గొంతులో ముల్లు ఇరుక్కుని గుడ్లు తేలేసి దగ్గుతున్నాడు. ఎవరైనా ఇటు వస్తున్నట్టు అలికిడైతే తాళాలు కొట్టి బెదరగొట్టేది అతనే. చేపలు బుట్ట పెట్టి పట్టేది, దెయ్యాన్ని ఊళ్లో నిలబెట్టేది జానయ్య. అతనికి పూస లేదు, కాబట్టి అతనికి ఏ చిక్కూ లేదు. సాయంత్రం మేకలను గట్టు మీదుగా తోలుకుపోతూ, కింద నక్కి కూర్చున్న దశరథాన్ని చూడక, తుమ్మకొమ్మకు పూస కనబడితే ఈ ముసలోళ్లలో ఎవరో తోవ తప్పి అక్కడ తగిలించారనుకుని తెచ్చి ఈ కొమ్మకు వేసింది కూడా అతనే.

వాగు చప్పుడు, మల్లప్ప దగ్గు.

నర్సింగమ్మ కొడుకు మెడ చూసింది. దొప్ప పక్కనున్న రాయి మీద పెట్టింది. చెయ్యి చీరకు తుడుచుకుంది. కొమ్మ మీద వెతికి అతని పూస తీసింది. ముందు దాన్ని అతని మెడకు కట్టింది. ముడి వేసి, లాగి చూసి, మళ్లీ ఇంకో ముడి వేసింది.

"ఎందుకు ఇప్పినవ్‌రా?" అంది. "నీ పానం గదరా అది!"

"నువ్వు...?" అన్నాడు దశరథం.

"నీ పానం కోసం కట్టిన. నా నాలిక కోసం కట్టిన్నా?" నర్సింగమ్మ తల తిప్పుకుంది. "మెడల పూస ఉండంగ తింటె నీకేమన్న అయితదని ఇప్పి పెట్టి తింటున్న. ఎన్నిసార్లు మానుకోవాల్నని సూసిన. ఈ పాడు నాలిక ఇనదు. నా నాలికకు నువ్వు బలి గావొద్దు బిడ్డా. గందుకే ఇంత దూరమొచ్చి..."

దెయ్యం కంటే, జ్వరం కంటే ఎక్కువగా తను భయపడ్డ మనిషి కళ్లు తుడుచుకుంటుంటే దశరథానికి గుండె కరిగిపోయింది. మంట మీద చేపలు చిటచిటమంటున్నాయి, వాటిని తిప్పడం అందరూ మరిచిపోయారు.

"నేను తినలే అమ్మా," అన్నాడు. "నీ మీదొట్టు. ఒక్కటి గూడ తినలే. ఊకె పడ్త. పట్టి సూసుకొని మల్ల ఇడిసిపెడ్త."

మల్లప్ప దగ్గు ఠక్కున ఆగిపోయింది. ముల్లు దిగిందో ఏమో.

"ఏందీ?" అన్నాడు. "సోమవారం సోమవారం మేము కూసునే యాళ్లకు డుబుక్కు డుబుక్కు అని... గది నువ్వేనా? దయ్యమనుకొని మేం సరిగ్గ తిని ఎన్ని దినాలాయె! ముద్ద గొంతు దిగలేదు గదరా!"

"నేను సుత బయపడ్డ," అన్నాడు జానయ్య. "నేను పెట్టిన దయ్యం గీ గుండ్ల కాడ ఉంటె, గా పక్కకు ఇంకోటి యాడికెల్లి వచ్చెనని!"

నర్సింగమ్మ మాత్రం ఇంకా కొడుకునే చూస్తున్నది. కళ్లలో నీళ్లు అట్లాగే ఉన్నాయి గాని, చూపు మారింది. మగ్గం మీద నాడెను ఆపే ఆ చూపు.

"ఏం పడ్డయి?"

"పరకలు... వచ్చినప్పుడల్ల ముంతెడు. ఇయ్యాల జెల్ల గూడ పడ్డది. గింతది." దశరథం వాచిన బొటనవేలు పక్కన పెట్టి, మోచేతి దాకా కొలిచి చూపించాడు. అందులో సగం అబద్ధమని తర్వాత నాతో ఒప్పుకున్నాడు. చేపలు పట్టేవాళ్లకు అది మొదటి రోజే వచ్చేస్తుంది.

"అది ఏమాయె?"

"ఇడిసిన."

"జెల్లను... ఇడిసినవా?"

"ఇడిసిన అమ్మా."

నర్సింగమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని రాయి పక్కన కూలబడింది. "చేతికొచ్చిన దాన్ని మల్ల నీళ్లల్ల ఇడుస్తవారా? నీకసలు పాపం పుణ్యం తెలుస్తదా?"

దశరథానికి నవ్వు వచ్చింది. నవ్వితే ఏమవుతుందోనని బిగబట్టుకున్నాడు. అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు.

"మరి హాలియా పోతవా అమ్మా?" అన్నాడు భయంభయంగా.

ఆమె అతని మెడలో ముడి ఇంకోసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది. దొప్ప మళ్లీ చేతిలోకి తీసుకుంది. చల్లారిపోయిందా అని వేలితో తాకి చూసింది. పక్కకు జరిగి కొడుకుకు జాగా ఇచ్చింది, చేప మాత్రం ఇవ్వలేదు.

"యాడికీ పోను. గా పూస మెడల్నే ఉండనియ్యి, ఇప్పకు," అంది. "నువ్వు పట్టు బిడ్డా. తినే పాపం మేం జూసుకుంటం."